నోటికి రాని ఇంటిపేరు

తొమ్మిదింటికి రమ్మన్నారు, పదిన్నర దాటింది. తలుపు వెనక కుర్చీలు జరుగుతున్నాయి, గ్లాసులో చెంచా తిరుగుతోంది, అంటే లోపల టీ ఇంకా అవలేదు, వాళ్ళ టీ అయ్యేదాకా ఈ దేశం ఎవర్నీ లోపలికి రానివ్వదు, ఇది నాకు కొత్తా ఏమన్నా, పదమూడేళ్ళుగా ఈ జిల్లా ఆఫీసు వసారాలో ఈ బల్ల మీదే కూర్చుంటున్నాను, ఎప్పుడూ ఇంకొకళ్ళ పక్కన కూర్చున్నాను, ఇవాళే నా కోసం. నూట పధ్నాలుగు కుటుంబాలు. అందరి పౌరసత్వం అర్జీలూ నా చేతిరాతే. కార్బను పెట్టి మూడేసి కాపీలు, వేళ్ళు నీలమైపోయేవి, ఆ వేళ్ళతోనే పొద్దున్నే పోయి ఉల్లినారు నాటేదాన్ని. నాది ఏడో తరగతి చదువు, చట్టం పుస్తకం ఎలా చదవాలో నాకెవడూ నేర్పలేదు, ప్రతి గుమస్తా దగ్గరా తిట్లు తిని నేర్చుకున్నాను. పెద్దాఫీసు ముందు మంచులో నిలబడి మైకు లేకుండా అరిచాను, మేము మనుషులం, నేలమాళిగలో పోసి మరిచిపోవడానికి బంగాళాదుంపలం కాము అని, నా గొంతు రెండు వీధుల అవతలికి వినిపించిందని నన్ను పట్టుకెళ్ళిన పోలీసే చెప్పాడు. ఆ గొంతు ఇవాళ ఒక్క మాట అనాలి. నా ఇంటిపేరు. అది రాదు.

మోకాళ్ళు లాగుతున్నాయి. పక్కన అత్త కూర్చుంది, తెల్ల రుమాలు తలకి బిగించి, బుగ్గలో కురుత్ ఉండ పెట్టుకుని, ఆ ఉప్పటి ఎండుపెరుగు ఉండని నాలుకతో అటూ ఇటూ దొర్లిస్తూ, ఎనభై రెండేళ్ళు, సాక్షిగా వచ్చింది. అటు పక్కన సగినాలి, కొండ అవతలి తాజిక్ దేశంలో మా జెర్గెతాల్ వాడే, నా తర్వాత వంతు వాడిది, చేతిలో కాగితం పట్టుకుని పెదాలు కదుపుతున్నాడు.

"సల్కినాయక్కా, జెండాలో సూర్యుడికి కిరణాలెన్ని?"

"నలభై."

"ముప్పైతొమ్మిది అంటే వెనక్కి పంపించేస్తారా?"

"నీ మొహం చూస్తే నలభై ఒకటి చెప్పినా పంపిస్తారు. చదువుకో."

"అక్కడేమో మీరు కిర్గిజ్‌లు, మీ దేశం పోండి అన్నారు. ఇక్కడికొస్తే తాజిక్‌లు వచ్చారు తాజిక్‌లు వచ్చారు అంటారు. అక్కా, మనం ఎప్పుడన్నా మన దేశంలో ఉన్నామా?"

"కొండ దాటేటప్పుడు," అంది అత్త, కురుత్ బుగ్గ మార్చి. "ఒక్క పూట. అప్పుడు ఎవడూ ఏమీ అనలేదు."

వాడు నవ్వాడు, నేనూ నవ్వాను, నవ్వినా అలసటే. ఇద్దరికీ నలభై గుర్తుంది, రాజ్యాంగంలో పౌరసత్వం ఎన్నో అధికరణమో నాకు గుర్తుంది, జాతీయగీతం రెండో చరణం కూడా వచ్చు, మా నాన్న వైపు ఏడు తరాల తండ్రుల పేర్లు నిద్రలో లేపి అడిగినా గుక్క తిప్పుకోకుండా చెబుతాను, ఇవేవీ లోపల నన్ను కాపాడవు. వాళ్ళు అడిగేది ఒక్కటే, అది మా మామ పేరు.

మాలో కోడలు మామ పేరు అనకూడదు, ఆ పేరులో ఉన్న మాట కూడా అనకూడదు, మా మామ పేరులో ముందు సగం ఒక లోహం. నాగలి కర్రు దాంతోనే చేస్తారు, పొయ్యి దాంతోనే, గుర్రం కాలికి కొట్టేదీ దాంతోనే. పెళ్ళయి ఆ గడప తొక్కిన రోజునుంచి నేను దాని పేరు అనలేదు, గట్టిది అంటాను. గట్టిదాని పొయ్యి, గట్టిదాని మంచం. మా బావగారి పేరు ఆకాశంనుంచి పడేదాని పేరు, కనక అది పైనుంచి వచ్చేది. నేను బంగాళాదుంపల చేలో ఇరవైమంది ఆడవాళ్ళకి మేస్త్రిని, మబ్బు పడితే గట్టు మీద నిలబడి, పైనుంచి వచ్చేది వస్తోంది, సంచులు కప్పండర్రా అని కేక పెట్టేదాన్ని, ఆ ఇరవైమందిలో పదిమందికి వాళ్ళ వాళ్ళ మామల పేర్లతో వేరే మాటలు పోయాయి, మా చేలో సగం మాటలు మారుపేర్లే, అయినా ఒక్క దుంప తడవలేదు. నవ్వుకునేవాళ్ళం. కొత్త కోడలు నోరు జారితే వారం రోజులు ఆటపట్టించేవాళ్ళం. అది ఆట అనుకున్నాను, బరువు అనుకోలేదు, గొంతులో గడియ పెడుతున్నారని ఎవరికి తెలుసు. ఇంటిపేరు కూడా మామ పేరునుంచి వచ్చిందే, ఆయన పేరుకి చివర ఆఫీసు తోక తగిలిస్తే మా ఇంటిపేరు, అందుకని నా పేరులో సగం నేనెప్పుడూ పలకలేదు. ఏం అవసరం పడలేదు కూడా. పాస్‌పోర్టు ఉన్నన్నాళ్ళూ కాగితం నా బదులు మాట్లాడింది, బల్ల మీద పెట్టేదాన్ని, వాళ్ళే చదువుకునేవాళ్ళు.

తర్వాత యుద్ధం. ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముందు లారీలో పంపించేశారు, మామా అత్తా మా ఆయనా గొర్రెల్ని తోలుకుని కొండదారిన వెనక వస్తామన్నారు. దారిలో తుపాకులవాళ్ళు లారీ ఆపి సంచులన్నీ దింపించారు, నా సంచీ మళ్ళీ ఎక్కలేదు, అందులో నా పాస్‌పోర్టు, నా పెళ్ళి కాగితం, కూతురి ఉన్ని మేజోళ్ళు, ఆ రాత్రంతా నేను ఏడ్చింది మేజోళ్ళ కోసం, దాని కాళ్ళు నా చంకల్లో పెట్టుకుని. సరిహద్దు ఇవతల తెల్లగుడారం, బల్ల వెనక ఒక విదేశీ ఆవిడ, పసుప్పచ్చటి జుట్టు, మంచావిడే, పిల్లకి బిస్కట్టు ఇచ్చింది, మా మాట ముక్కలు ముక్కలుగా వచ్చు. పేరు అంది, చెప్పాను. ఇంటిపేరు అంది. రెండు రోజులు నిద్రలేదు, ముందు రొట్టెల బండి కనిపిస్తోంది, రొట్టె కోసం రాసుకుంటున్నారనుకున్నాను, ఒక్క పూట కాగితం అనుకున్నాను, నోరు తనంతట తనే అలవాటు పడ్డ మాట అనేసింది. గట్టిది అన్నాను. మా మాటలో కతూ. కతూబాయెవా. కిర్గిజ్ మనిషి ఎవడైనా ఆ బల్ల వెనక కూర్చుని ఉంటే తలెత్తి నవ్వి, అది కాదమ్మా, అసలుది రాసివ్వు అనేవాడు. ఆవిడ అందంగా, గుండ్రంగా రాసుకుంది. కతూబాయెవా సల్కినాయ్, కూతురు ఒకటి. ముద్ర కొట్టింది. నాలుగు రోజుల తర్వాత కొండ దిగి వచ్చినవాళ్ళు వాళ్ళ పేర్లు వాళ్ళు సరిగ్గా రాయించుకున్నారు, అత్తయితే పాస్‌పోర్టు జాకెట్లో దాచుకుని తెచ్చింది, తీసి బల్ల మీద పెట్టింది, ఒక్క మాట అనలేదు. మా ఆయన నా కాగితం చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. గట్టమ్మా అని పిలిచేవాడు ఆ ఏడాదంతా. మార్పించుకుందాంలే అన్నాడు. మామ ఆ చలికాలమే పోయాడు, ఈ చదును నేలకి అలవాటు పడలేదు, ఇక్కడ కొండ చాలా దూరంగా కనిపిస్తుందనేవాడు. మార్పించుకుందాంలే అన్న మనిషి అయిదేళ్ళ కిందట ఉల్లిచేలో వంగి మళ్ళీ లేవలేదు.

ఆ మాట అనకుండా ఇన్నేళ్ళు ఎందుకు కూర్చున్నానో నాకు తెలుసు. ఒకళ్ళ కాగితం తర్వాత ఒకళ్ళది, ముందు గర్భిణీవి, ముందు ముసలివాళ్ళవి, ముందు సగినాలి తమ్ముడిది, నాదేముందిలే, నాది చివర, అలా అంటుంటే అందరూ త్యాగమనుకున్నారు. త్యాగమా నా తలకాయా. భయం. ఈ గది తలుపు తోసుకుని ఆ మాట అనాల్సి వస్తుందని భయం. తుపాకి ముందు నిలబడ్డాను, అధికారి బల్ల గుద్ది అడిగాను, ఇంత ఆడది ఇంత చిన్న మాటకి భయపడి నూట పధ్నాలుగు ఇళ్ళ వెనక దాక్కుంది. ఇప్పుడు దాక్కోడానికి ఇళ్ళు అయిపోయాయి. కాలువ పక్కన మేము ఇటుక ఇటుకా కోసుకుని కట్టుకున్న ఇల్లు, ఆ స్థలం మా ఆయన పేర, ఆయన పౌరుడయ్యాడు, పోయాడు, నేను పౌరురాల్ని కాను, పైగా కాగితం మీద ఆయన భార్యని కూడా కాను, ఎవరో కతూబాయెవా, దారినపోయే మనిషి. కిందటేడు ఈ ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది, మీ అర్జీలో ఒక పేరు, శరణార్థి కార్డులో ఒక పేరు, రెండు పేర్ల మనిషికి దేశం ఎలా ఇస్తాం అని. అర్జీలో మాత్రం సరైన పేరే రాశాను, చెయ్యి రాస్తుంది, చేతికి అత్తమామలు లేరు. నెలాఖరుకి ఊరి కమిటీ జాబితా మూసేస్తుంది, భార్యో ఇక్కడే ఉండే పిల్లలో పౌరులుగా లేని స్థలాలు వెనక్కి తీసుకుంటుంది, తల్లి లెక్కలోకి రాదు, నేనూ అత్తా వీధిలో ఉంటాం, కూతురు మాస్కోలో ఎవరివో మెట్లు తుడుస్తోంది. ఇవాళ కాకపోతే ఇంకో సమావేశం రెండు నెలలకి. ఇవాళే అనాలి.

అనడం నేర్చుకోడానికి నేను పడ్డ పాట్లు ఎవరికన్నా చెబితే నవ్వుతారు. ఆవు ముందు నిలబడి అందామనుకున్నాను, ఆవు తల తిప్పి చూసింది, సిగ్గేసింది. కాలువ గట్టున మనిషి లేని చోట నోరు తెరిచాను, మొదటి అక్షరం వచ్చింది, దాని వెనక ఊపిరి మాత్రమే వచ్చింది, దగ్గొచ్చింది. నమ్మకమా అంటే కాదు, నాకు ఏ నమ్మకాలూ లేవు, పేరు అంటే కోడలికి కళ్ళు పోతాయనీ కడుపు పండదనీ చెప్పే ముసలమ్మలతో ముప్పై ఏళ్ళ వయసులోనే పోట్లాడాను, ఆడదాని నోరు కుట్టడానికి మగాళ్ళు పెట్టిన కట్టు ఇది, అంతే, దీనికి గౌరవమని పేరు పెట్టుకున్నారు. ఇంత తెలుసు నాకు. తెలిస్తే ఏం, గొంతుకి తెలియాలి కదా. మామ మంచివాడు, అదొకటి. చెడ్డవాడైతే ఎప్పుడో అనేసేదాన్ని, వంద తిట్లతో కలిపి. కొత్తగా వచ్చిన రోజుల్లో నేను నీళ్ళు మోసుకొస్తుంటే చూడనట్టు దగ్గి, గేటు తెరిచిపెట్టి పక్కకి వెళ్ళిపోయేవాడు, ఒక్కసారి కూడా నా మొహంలోకి చూసి పని చెప్పలేదు, ఆ దగ్గు ఇంకా వినిపిస్తుంది. ఆ దగ్గుకి ఏం పేరు పెట్టను.

పొద్దున వ్యానులో అత్తతో అన్నాను, అత్తా, లోపల నువ్వు చెప్పేయ్, సాక్షివి కదా, నీ నోట వస్తే చాలు. అత్త నన్ను ఎగాదిగా చూసింది. "నా మొగుడి పేరు నన్ను అనమంటావా? అరవై రెండేళ్ళు కాపాడుకొచ్చాను. నువ్వు కొత్త కోడలివి, నువ్వు అను." కొత్త కోడలట. యాభై మూడేళ్ళు నాకు. వ్యానులో అందరూ తిరిగి చూశారు. ఆ పేరు తెలిసినవాళ్ళం ఇద్దరం, ఇద్దరికీ నోరు లేదు, ఆ పేరు నిరూపించడానికే ఇద్దరం పోతున్నాం, నవ్వొచ్చిందా ఏడుపొచ్చిందా తెలియలేదు, కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను, ఆ అద్దం అదురుకే కాస్త కునుకు పట్టింది.

తలుపు తెరుచుకుంది. నా అర్జీ నంబరు పిలిచారు. అత్త లేచి నాకంటే ముందు నడిచింది.

లోపల కమిటీ అధ్యక్షురాలు రఖత్ ఎమిలెవ్నా, మన మనిషే, కిర్గిజే, కానీ పట్నంలో పుట్టి పెరిగింది, కత్తిరించిన జుట్టు, కళ్ళద్దాలు గొలుసుకి వేలాడుతున్నాయి. పక్కన టైపు మిషను ముందు ఒక పెద్దాయన. జెండా అడిగింది, చెప్పాను. అధికరణం అడిగింది, చెప్పాను, ఆవిడ నంబరు తప్పు చదివితే దిద్దాను కూడా, దిద్దకుండా ఉండాల్సింది, మానలేను. ఆవిడ నవ్వింది. "మీ గురించి విన్నాంలెండి. మా కిటికీల కింద అరిచేది మీరేగా." తర్వాత ఫైలు మూసి, చేతులు దాని మీద పెట్టి, "ఇంటిపేరు చెప్పండి" అంది.

నోరు తెరిచాను.

"రాసిస్తాను," అన్నాను.

"రాతలు చాలా చూశాం. బజార్లో కాగితం కూడా కొనుక్కోవచ్చు. నోటితో చెప్పాలి, రికార్డులో వేస్తాం. సరే, ముందు సాక్షి. పెద్దమ్మా, ఈవిడ మీకేమవుతుంది?"

"కోడలు. ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి."

"ఏ ఇంటి కోడలు?"

"మా ఇంటి కోడలు."

"మీది ఏ ఇల్లు?"

"కాలువ పక్కది. నీలం గేటు," అంది అత్త, చెవిటిదానికి చెప్పినట్టు.

టైపు మిషను పెద్దాయన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రఖత్ ఎమిలెవ్నా కళ్ళద్దాలు తీసి ముక్కు నులుముకుంది. "ఈ కాలంలో కూడానా? మీటింగుల్లో ఆడవాళ్ళ హక్కులు మాట్లాడతారు మీరు, ఇదేమిటి?" ఆ మాట నిజమే, చెంప మీద కొట్టినట్టే ఉంది. అత్తని బయట కూర్చోమన్నారు. తలుపు సగమే పడింది. పెద్దాయన ముందుకి వంగి మెల్లగా అన్నాడు, "మేడం, మా అమ్మా ఇంతే. చచ్చేదాకా అనలేదు. పేరు మనం చదువుదాం, ఈవిడ తల ఊపితే చాలు, ఒప్పుకున్నట్టు వేసుకుందాం." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "సరే, చదువుతాను. తల ఊపండి. అయిపోతుంది."

అయిపోతుంది. ఎంత సుఖం. మెడ కొంచెం కిందకి, కొంచెం పైకి, ఇల్లు నాది, దేశం నాది, వ్యానెక్కి పోయి గట్టిదాని మంచం మీద రెండు రోజులు పడుకోవచ్చు. నా మెడ అప్పుడే వంగబోయింది కూడా. ఊపడం నా మెడకి బాగా తెలుసు. లారీ ఆపినవాళ్ళు ఇవన్నీ మీవేనా, వదిలేసి పోతున్నారా అంటే తల ఊపాం. ఆ గుడారంలో పసుప్పచ్చ జుట్టావిడ రాసింది చదివి వినిపించి సరేనా అంటే తల ఊపాను, ఆ ఊపుకి పదమూడేళ్ళు పట్టింది. పోలీసు మీరు తాజిక్కేగా అంటే విసిగి ఊపాం. వాళ్ళు చదవడం, మేము ఊపడం, నూట పధ్నాలుగు కుటుంబాలకి నేను చెప్పింది ఒక్కటే, ఊపకండి, నోటితో చెప్పండి, మీ నోటితో. ఎంత అలిసిపోయానంటే, ఇంకొక్కసారి తల ఊపే ఓపిక కూడా లేదు. మామా, దగ్గకు, గేటు తెరిచి పక్కకి పో.

"తెమిర్‌బాయెవా," అన్నాను. "తెమిర్‌బాయెవా సల్కినాయ్."

అనలేదు, అరిచాను, నాకు తెలిసిన గొంతు అదొక్కటే, పెద్దాఫీసు ముందు మంచులో వాడిన గొంతు, కిటికీ అద్దం జివ్వుమంది. తెమిర్. ఇనుము. ఇరవై ఎనిమిదేళ్ళ ఇనుము, పొయ్యి ఇనుము, నాగలి ఇనుము, అన్నీ ఒక్కసారి వాటి పేర్లకి అవి వచ్చి కూర్చున్నాయి. కళ్ళు పోలేదు.

"అంత గట్టిగా అక్కర్లేదు," అంది రఖత్ ఎమిలెవ్నా, కుర్చీలో వెనక్కి జరిగి.

"అక్షరం అక్షరం చెప్పమ్మా, టైపు కొడతాను," అన్నాడు పెద్దాయన.

అక్షరం అక్షరం చెప్పాను. ముక్కలు ముక్కలుగా, ఒక్కో దెబ్బా మిషను మీద పడుతుంటే. సంతకం పెట్టించుకున్నారు. పాస్‌పోర్టుకి మూడు నెలలు, తీర్మానం చీటీ మాత్రం ఇప్పుడే ఇస్తాం, ఊరి కమిటీకి అది చాలు, స్థలం ఎవరూ తీసుకోరు అన్నారు. చీటీ చేతికొచ్చింది. సంతోషం వస్తుందేమోనని చూశాను, రాలేదు, ఆవలింత వచ్చింది.

వసారాలోకి వచ్చాను. అందరూ విన్నారు. సగినాలి తన బూట్లు చూసుకుంటున్నాడు. అత్త బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది, రుమాలు కొంగు నోటి మీదికి లాక్కుని, నా వైపు చూడలేదు. తిడుతుంది అనుకున్నాను. తిట్టనీ, తిట్లు తినడం నాకు వచ్చు. పక్కన కూర్చున్నాను.

"ఇచ్చారా?" అంది.

"ఇచ్చారత్తా."

కురుత్ బుగ్గ మార్చింది. తర్వాత నేల వైపు చూస్తూ అంది, "ఆ పేరు ఆఖరున విన్నది మట్టి చేసిన రోజున. ముల్లా చదివాడు. గాలి. నాకు సరిగా వినపడలేదు." నేనూ లెక్కేసుకున్నాను, నిజమే, కొడుక్కి ఆయన నాన్న, మనవరాలికి తాత, నాకు మామ, అత్తకి ఆయన, పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా పలకలేదు, మేమిద్దరం అంత భద్రంగా దాచాం ఆయన్ని.

"తప్పయితే క్షమించత్తా," అన్నాను.

"తప్పే. అలా కాదు అనేది."

"ఏమిటి?"

"చివర ఆఫీసు ముక్క తగిలించావు. పైగా కొట్టినట్టు అన్నావు. ఆయన పేరు అలా ఉండదు." కొంగు నోటి మీంచి కిందకి జారింది, ఆవిడ చూసుకోలేదు. "వాళ్ళమ్మ పిలిచేది, నేను కొత్తగా వచ్చినప్పుడు, దొడ్డి దగ్గర నిలబడి, ఆయన అవతలి కొండ మీద గొర్రెల దగ్గర ఉంటే. చివర సాగదీసేది. అంత దూరం పోవాలి కదా."

"ఎలా సాగదీసేదత్తా?"

అత్త వసారా అంతా ఒకసారి చూసింది. ముడతల మెడ మీద నరం కదిలింది, పెదాలు ముందు ఊరికే ఆడాయి, శబ్దం లేదు, నేను ఆవిడ మోచెయ్యి పట్టుకోలేదు, చూడనట్టు పక్కకి తిరిగాను.

"తెమిర్‌బా..." జీర వచ్చి ఆగిపోయింది. దగ్గింది. మళ్ళీ ఎత్తుకుంది, గొంతు ఆవిడది కాదు, ఎవరో పడుచుపిల్లది, "తెమిర్‌బా...య్."

లోపలినుంచి సగినాలి నంబరు పిలిచారు. రెండోసారి కూడా పిలిచారు. వాడు లేవలేదు.